ఊజీ ఈగ మీసం స్లైడ్లు: రెండో విడత

ఈగల మీసాలను సూక్ష్మదర్శినిలో పోల్చి చూడడానికి స్లైడ్లు చేస్తున్నాం. ఈసారి సరుకు ఊజీ ఈగ, అంటే ఎక్సోరిస్టా బాంబిసిస్. 1980లో బెంగాల్ నుంచి కర్ణాటకకు చేరి, దక్షిణాది పట్టు రైతులకు తలనొప్పిగా మారిన టాకినిడ్ (పిల్లపురుగు దశలో ఇతర పురుగుల్లో పరాన్నజీవిగా బతికే ఈగల కుటుంబం) ఇదే. ప్యూపాలు (ఈగ తయారయ్యే గూడు దశ) పట్టు షెడ్డు నేల పగుళ్లలో దొరుకుతాయి. పోల్చడానికి ఇంటి ఈగ, నీలి ఈగ, మాంసపు ఈగ ఒక్కొక్కటి.

ప్యూపా నుంచి ఈగ సుమారు 10–12 రోజులకు బయటికొస్తుంది. వచ్చీరాగానే చంపితే ఒళ్లు మెత్తగా ఉండి, మీసం తర్వాత ముడుచుకుపోతుంది. చక్కెర నీళ్లలో తడిపిన దూది పెట్టి ఒక రోజు ఆగి, ఆ తర్వాతే ఫ్రీజర్‌లో పెట్టాలి.

తల తీసి లోపలి మాంసాన్ని కరిగించే 10 శాతం కాస్టిక్ పొటాష్‌లో రాత్రంతా నానబెట్టాం, వేడి చేయకుండా. పోయిన విడతలో కాచితే పని తొందరగా అయింది గానీ, మీసం మూడో ముక్కలో గాలిబుడగలు చిక్కుకుని అతుకులు కనబడకుండా పోయాయి. ఎక్కువ నానినా నష్టమే: వెంట్రుకలు రాలి, వాటి గుంటలు మాత్రమే మిగులుతాయి. చేతులకు గ్లౌజులు తప్పనిసరి, ఈ ద్రావణం చర్మాన్ని కాలుస్తుంది.

తర్వాత రెండుసార్లు నీళ్లు, ఒక చుక్క ఎసిటిక్ ఆమ్లం, 70, 90, 100 శాతం ఆల్కహాల్‌లో పదేసి నిమిషాలు, లవంగ నూనెలో పావుగంట, చివరికి కెనడా బాల్సమ్ (స్లైడ్ మీద నమూనాను అతికించే పారదర్శకమైన జిగురు). నూనెలో రాత్రంతా వదిలేస్తే మీసం పెళుసెక్కుతుంది, అరిస్టా (మీసం మూడో ముక్క మీద ఉండే సన్నని పోగు) మొదట్లోనే విరుగుతుంది. ఫోర్‌సెప్స్‌తో పట్టుకోవాల్సింది పెడిసెల్‌నే, అంటే మీసం రెండో ముక్కనే. బాల్సమ్ పాలలా తెల్లబడితే ఇంకా నీరుందని అర్థం. మళ్లీ 100 శాతం ఆల్కహాల్‌కు వెళ్లాలి. కవర్‌స్లిప్ కింద రెండు గాజు ముక్కలు పెట్టకపోతే మీసం నలిగిపోతుంది.

100 రెట్లలో చూస్తే నీలి ఈగ అరిస్టాకు కొస దాకా ఈకలా వెంట్రుకలు, మాంసపు ఈగది సగం దాటాక బోడి, ఊజీది దాదాపు పూర్తిగా బోడి. ఇక్కడే తొందరపడి "బోడి అరిస్టా అంటే పరాన్నజీవి" అనేస్తే దెబ్బతింటాం. టాకినిడ్లలోనే డెక్సినే ఉపకుటుంబంలో చాలావాటికి ఈక అరిస్టాయే ఉంటుంది. వంశవృక్షంలో ఈ లక్షణం పలుమార్లు మారింది.

పెడిసెల్ పైభాగాన నిలువునా సాగే చీలిక వేరు సంగతి. నాలుగు ఈగల్లోనూ అది ఉంది. క్యాలిప్ట్రేట్లన్నిటి (ఈ నాలుగు ఈగలూ చేరే పెద్ద గుంపు) ఉమ్మడి ముద్ర అది. కాబట్టి ఊజీని ఇంటి ఈగ బంధువుల్లో చేర్చడానికి పనికొస్తుందే తప్ప, టాకినిడ్ అని తేల్చదు. దానికి వీపు చివర ఉండే చిన్న పలక (స్క్యుటెల్లం) కింద ఉబ్బెత్తుగా ఉండే భాగం, అంటే సబ్‌స్క్యుటెల్లం చూడాలి. డీఎన్‌ఏ లెక్కల్లో టాకినిడ్లకు దగ్గరి చుట్టం పొలెనిడీ కుటుంబం. అందులోని పొలేనియా పిల్లపురుగులు వానపాముల్ని తింటాయి.

బాల్సమ్ ఆరే దాకా స్లైడ్లు బల్లపరుపుగానే ఉండాలి. డెక్సినే నమూనా దొరకగానే మూడో విడత.