పేరు రాయని కీమన్

పదకొండున్నర. ఫ్యాన్ చప్పుడు తప్ప ఇంట్లో ఏమీ లేదు, ఆ పేపరు మాత్రం బుర్రలోంచి పోవట్లేదు. జిల్లా పేజీలో ఓ మూలన, 'కీమన్ అప్రమత్తతతో తప్పిన ముప్పు'. కీమన్ అంటే రోజూ రైలు పట్టాల వెంట నడిచి వాటిని చూసుకునే మనిషి. ఏ బండి ఎంతసేపు ఆగిందో, వచ్చి చూసిన అధికారి హోదా ఏందో, అన్నీ వేశారు. విరిగిన పట్టాను చూసినాయన మాత్రం ఉత్త కీమన్.

పోనీ పనైనా రాశారా? ధనుర్మాసం చలికి పట్టా ముడుచుకోవాలని చూస్తుంది. పొడుగ్గా అతికేసిన పట్టాకి ముడుచుకునే చోటుండదు. వెల్డింగులో చిన్న గాలిబుడగ ఉన్నా అక్కడే తెగుతుంది. కొత్త విరుపు మెరుస్తుంది, పాత పగులైతే తుప్పు పట్టి ఉంటుంది. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: పగులు దగ్గర కూర్చుని చూస్తారు. ముందు బండిని ఆపాలి. ఎర్రజెండా చూపిస్తా బండొచ్చే వైపు పరుగెత్తి, 600 మీటర్ల దగ్గర చక్రం కింద పేలి డ్రైవర్ని హెచ్చరించే డిటోనేటర్ ఒకటి, 1200 దగ్గర పదేసి మీటర్ల ఎడంలో మూడు, రేకు వంచి పట్టాకి బిగించాలి. గంటకి 110 కిలోమీటర్ల మీదొచ్చే బండి ఆ 1200 మీటర్లూ 40 సెకన్లలో దాటేస్తుంది. ఈయన పరుగెత్తేది కంకర మీద.

2021 నవంబరు వరదప్పుడూ అంతే. నెల్లూరు, పడుగుపాడు మధ్య కట్ట కోసుకుపోయి, పట్టాలు కింది అడ్డ దిమ్మెలతో, అదే స్లీపర్లతో సహా నిచ్చెన మాదిరి గాల్లో వేలాడాయి. అట్టాంటి గండిని రాళ్ళూ మట్టీ పోసి పూడ్చాలి, కంకర పరిచి స్లీపర్ల కింద గట్టిగా కూరాలి, పట్టాల మట్టం సరిచూడాలి. కూరడం చాలకపోతే మొదటి బండి బరువుకే కుంగుతుంది, అందుకే దాన్ని నత్తనడకన పంపుతారు. అక్కడ బురదలో నిలబడినోళ్ళలో ఒక్క పేరు చెప్పండి చూద్దాం.

మొదటి ప్రపంచ యుద్ధంలో పోయినోళ్ళ కోసం ఇరాక్‌లో 1929లో ఆవిష్కరించిన బస్రా స్మారకం మీద కూడా బ్రిటిష్ వాళ్ళకి పేరుపేరునా చెక్కి, మామూలు భారత సిపాయిలకి లెక్క మాత్రం వేసి వదిలేశారు.

ఇంతదాకా రాసి ఆగాను. పేరు వేస్తే ఆయనకొచ్చేదేముంది? ఒక శాలువా, ఒక ఫోటో. పట్టాని స్లీపరుకి పట్టి ఉంచే క్లిప్పు కొట్టేటప్పుడు ఆ సుత్తి మోతలో వెనక బండి వినబడదు, మలుపులో అయితే కనబడదు కూడా. బండి వస్తోందని ముందే మోగే రక్షక్ పరికరం, చూసి కేకేసేదానికి పక్కన ఇంకో మనిషి కావాలి. వీరుడని పొగిడితే ఆ రెండూ అడగక్కర్లేదని కాబోలు.

అయినా పేరుకి పట్టేది ఒక్క వరుసేగా. ఆ వార్త కింద చోటుంది కూడా, మళ్ళీ తీసి చూశాను.