కుర్చీ జరిపితే దొరికిన బేస్

నేలమీద నిలబెట్టే కొత్త స్పీకర్లు, ఫ్లోర్ స్టాండర్లు, వచ్చిన మొదటి వారమంతా ఒకటే అనుమానం, స్పీకర్లే బాగోలేవేమోనని. కుర్చీలో కూర్చుంటే బేస్ పలచగా ఉండేది. లేచి వెనకవైపు గుమ్మం దగ్గరికి వెళ్తే మాత్రం తలుపు అదిరేంత మోత. "ఇంత మోగుతుంటే ఇంకా బేస్ లేదంటావేంటి?" అని మా ఆవిడ విసుక్కునేది. ఆవిడ విన్నదీ నిజమే, నేను విన్నదీ నిజమే.

ముందు, ఏ స్థాయి శబ్దాన్ని ఎంత పెంచాలో తగ్గించాలో సరిచేసే ఈక్వలైజర్‌లో, లోతైన బేస్ ఉండే 40 హెర్ట్జ్ దగ్గర 6 డెసిబెల్స్ పెంచాను. ఆంప్ వేడెక్కింది తప్ప ఒరిగిందేమీ లేదు. గోడలకు ఫోమ్ కూడా అంటించాను. దాని ఊసెత్తకపోవడమే మంచిది. 40 హెర్ట్జ్ శబ్దానిది 8.6 మీటర్ల పొడవున్న తరంగం, దాన్ని రెండంగుళాల ఫోమ్ ఏం ఆపుతుంది?

ఒకరోజు ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి ఒక్క 40 హెర్ట్జ్ మాత్రమే మోగించాను. స్పీకర్‌కుండే గాలి రంధ్రం, అదే పోర్ట్, ముందు చెయ్యి పెడితే గాలి కొడుతోంది. కుర్చీలోకొచ్చి కూర్చుంటే చెవికి దాదాపు ఏమీ లేదు. లేచి వెనక్కి నడిచాను. అడుగడుక్కీ ఆ గుయ్‌మనే శబ్దం పెరుగుతూ వచ్చి, వెనక గోడకు తల ఆనించేసరికి ఛాతీలో తెలిసింది.

టేపు తీసి గది పొడవు కొలిచాను, 4.3 మీటర్లు. శబ్దవేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. దాన్ని 4.3కి రెట్టింపుతో భాగిస్తే దాదాపు 40. అంటే 40 హెర్ట్జ్ తరంగంలో సరిగ్గా సగం ఈ గది పొడవులో పడుతుంది. ఆ తరంగానికి గోడల దగ్గర ఒత్తిడి ఎక్కువ, సరిగ్గా గది మధ్యలో దాదాపు సున్నా. నా కుర్చీ ఎక్కడుందీ? ముందు గోడకు 2.1 మీటర్ల దూరంలో! అందుకే ఈక్వలైజర్ ఓడిపోయింది. సున్నాను ఎన్ని రెట్లు చేసినా సున్నాయేగా.

కుర్చీని అర మీటరు వెనక్కి జరిపాను. వెనక గోడకు ఇంకా 1.7 మీటర్లు మిగిలింది. అదే పాట, అదే వాల్యూమ్, బేస్ గిటార్‌కి అడుగున ఒక అంతస్తు కట్టినట్టయింది.

అయినా డ్రమ్ దెబ్బలో పస లేదు. ఈసారి తప్పు స్పీకర్లను పెట్టిన చోటుది. బేస్ పలికించే వూఫర్లు ముందు గోడకు మీటరు దూరంలో ఉండేవి. ఆ దూరం తరంగంలో నాలుగో వంతైన చోట, అంటే 86 హెర్ట్జ్ దగ్గర, గోడకు తగిలి తిరిగొచ్చే శబ్దం అసలు శబ్దాన్ని మింగేస్తుంది. నేలమీద మాస్కింగ్ టేపుతో గుర్తులు పెట్టుకుని, ఐదేసి సెంటీమీటర్లు వెనక్కి నెడుతూ, ప్రతిసారీ అదే పాట విన్నాను. విసుగొచ్చే పనే. 40 సెంటీమీటర్ల దగ్గర మగవాళ్ల గొంతులు డబ్బాలోంచి వస్తున్నట్టు మారాయి. 55 దగ్గర ఆగాను. శబ్దం తగ్గిపోయే ఆ గుంట పోలేదు, 150 హెర్ట్జ్ పైకి జరిగింది, కానీ అక్కడ నాకు అంతగా తెలియట్లేదు. పక్క గోడలకు మాత్రం 80 సెంటీమీటర్ల దూరం ఉంచాను. రెండు దూరాలూ ఒకటైతే రెండు గుంటలూ ఒకేచోట పడతాయి.

చివరికి 50 హెర్ట్జ్ దగ్గర కాస్త ఉబ్బు మిగిలింది. దాన్ని ఈక్వలైజర్‌లో 4 డెసిబెల్స్ తగ్గిస్తే మాట విన్నది. ఇప్పుడు గది ఊడ్చినప్పుడల్లా కుర్చీ మళ్లీ మధ్యలోకి వచ్చేస్తుంది. మొదటి పాట సగంలోనే పట్టేసి, టేపు గుర్తు మీదికి లాక్కుంటున్నాను.