అప్పడాల డబ్బాలో పెన్సిల్ గీత: ఆరో వారం

కాగితం మీద గీసిన పెన్సిల్ గీతలో కరెంట్ పంపి, దాని వోల్టేజ్‌లో వచ్చే చిన్న చిన్న ఊగిసలాటల్ని, అంటే నాయిస్‌ని కొలుస్తున్నాను. ఒక బ్యాటరీ బదులు రెండు పెడితే నాయిస్ రెట్టింపు కావాలి. కావట్లేదు. ఎనిమిది రాత్రులుగా ఇదే గొడవ.

బాగా జరిగినది ముందు చెప్పేస్తాను. బయాస్ (గీతలోకి పంపే కరెంట్) లేకుండా 12 కిలో ఓమ్‌ల పెన్సిల్ గీత నుంచి రూట్ హెర్ట్జ్‌కి 15.3 నానోవోల్టులు వచ్చాయి. లెక్క ప్రకారం జాన్సన్ నాయిస్ (రెసిస్టెన్స్‌లో వేడి వల్లే పుట్టేది) 14.1, నా ఆంప్ చిప్ ఓపీఏ140 వాటా 5.1, వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 15. ఆంప్ మీద ఇక అనుమానం లేదు. ఎల్‌టీ1028 అనే ఇంకో ఆంప్ చిప్ వాడమనే వాళ్లకు ఒక మాట: దాని వోల్టేజ్ నాయిస్ చాలా తక్కువే, కానీ కరెంట్ నాయిస్ పికో ఆంప్ దాకా ఉంటుంది. 12 కిలో ఓమ్‌ల మీద అదొక్కటే 12 నానోవోల్టులు. ఇలాంటి సోర్స్‌కి ఓపీఏ140 లాంటి జేఫెట్ (కరెంట్ దాదాపు లాగని ట్రాన్సిస్టర్) ఇన్‌పుటే సరి.

ఇక అసలు కథ. 9 వోల్టుల బ్యాటరీ, 100 కిలో ఓమ్‌ల మెటల్ ఫిల్మ్ బలాస్ట్ (కరెంట్‌ని నిలకడగా ఉంచే రెసిస్టర్), తర్వాత గీత. కరెంట్ 80 మైక్రో ఆంప్‌లు, గీత మీద 0.96 వోల్టు. 10 హెర్ట్జ్ దగ్గర నాయిస్ 900 నానోవోల్టులు. రెండో బ్యాటరీ సిరీస్‌లో పెట్టాను. 1800 రావాలి. వచ్చింది 1030.

మొదటి అనుమానం కాంటాక్టుల మీదే. బెంగళూరు ఎస్పీ రోడ్డులో కొన్న చవక సిల్వర్ పెయింట్ ఎండాక పొట్టులా లేస్తోంది. మంచి పెయింటు కొని, కొత్త గీత గీసి, మళ్లీ నాలుగు ప్రోబులు (రెండు కరెంట్ పంపడానికి, రెండు వోల్టేజ్ కొలవడానికి) అతికించాను. 9 వోల్టులకి 870, 18కి 990. దాదాపు అదే. ఆలోచిస్తే అంతే మరి: వోల్టేజ్ ప్రోబుల్లో కరెంటే లేదు, కరెంట్ ప్రోబుల గోల బలాస్ట్ వల్ల తొమ్మిదో వంతుకి తగ్గిపోతుంది. 450 రూపాయలు బూడిదలో పోసినట్టే.

రెండో అనుమానం వేడి. 18 వోల్టుల దగ్గర కూడా గీతలో ఖర్చయ్యేది 0.3 మిల్లీవాట్, అంతే. మూడోది బ్యాటరీ. గీత తీసేసి అక్కడ 12 కిలో ఓమ్‌ల మెటల్ ఫిల్మ్ రెసిస్టర్ పెడితే 16 నానోవోల్టులు. బ్యాటరీకీ బలాస్ట్‌కీ క్లీన్ చిట్. నాలుగోది ఇన్‌పుట్ కెపాసిటర్. 4.7 మైక్రోఫారడ్, 1 మెగా ఓమ్, అంటే ఐదు సెకన్లలోపు టైం కాన్‌స్టెంట్ (అది ఛార్జయి కుదురుకునే వేగానికి కొలత). ప్రతిసారీ పది నిమిషాలు ఆగే కొలిచాను.

గురువారం రాత్రి వాన. తొమ్మిదిన్నరకి కరెంట్ పోయింది. నాకు పండగే, స్పెక్ట్రమ్‌లో (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత నాయిస్ ఉందో చూపే గ్రాఫ్) ఇంటి కరెంట్ వల్ల వచ్చే 50 హెర్ట్జ్ మొన చటుక్కున కూలిపోయింది. పట్టుమని అర నిమిషం కాలేదు, అపార్ట్‌మెంట్ జనరేటర్ అందుకుంది. మొన మళ్లీ లేచింది, కానీ 51.2 దగ్గర! ఫోన్‌తో ఫోటో తీస్తుంటే వంటింట్లోంచి అమ్మ: "ఏమ్రా, నా డబ్బా తీసుకుంటివి, ఇక్కడ అప్పడాలన్నీ మెత్తగైపాయ."

నా షీల్డింగ్ బాక్స్ అమ్మ కర్నూలు నుంచి అప్పడాలు తెచ్చిన స్టీల్ డబ్బానే. బిగుతు మూత. తుప్పు పట్టకూడదని లోపల చెప్పుల పెట్టెలో దొరికిన సిలికా జెల్ పొట్లాలు రెండు పడేశాను. బయట అప్పడాలు చెమ్మ పీల్చుకుంటుంటే, లోపల నా కాగితం ఆరిపోతోందన్నమాట. ఒక్కో రన్ నలభై నిమిషాలు. ప్రతిసారీ ముందు 9 వోల్టులు, తర్వాత 18. ఎనిమిది రోజుల్లో ఒక్కసారి కూడా వరస మార్చలేదు.

అప్పటికప్పుడు మూత తీసి గంటసేపు గాలికి వదిలి, తిరగేసి కొలిచాను. ముందు 18: 1790. తర్వాత 9: 515. రెండింతలు రావాల్సినది ఈసారి మూడున్నర రెట్లు! అంటే నాయిస్ కరెంట్‌తో సరిగ్గానే పెరుగుతోంది, కానీ మూత పెట్టిన నలభై నిమిషాల్లో తనంతట తనే దాదాపు సగానికి పడిపోతోంది. రెసిస్టెన్స్ కూడా 13.1 నుంచి 12.2 కిలో ఓమ్‌లకి దిగింది. చెమ్మకి కాగితం ఉబ్బి గ్రాఫైట్ రేణువులు ఎడమవుతున్నాయని నా ఊహ. ఒక రోజంతా మూసి ఉంచాక 9 వోల్టులకి 310, 18కి 640. హమ్మయ్య.

కానీ ఇంకా తేలలేదు. వాలు తప్పు. ఫ్రీక్వెన్సీ (ఎఫ్) పెరిగే కొద్దీ పవర్ స్పెక్ట్రమ్ 1/ఎఫ్‌లా పడాలి, నాది ఎఫ్ ఘాతం 1.4తో పడుతోంది. డ్రిఫ్ట్ (మెల్లగా జరిగే మార్పు) తీసేస్తే 1.3. టైం ట్రేస్‌ని పెద్దది చేసి చూస్తే మూడు నాలుగు సెకన్లకోసారి 6 మైక్రోవోల్టుల మెట్టు: పైకి, కిందికి, మళ్లీ పైకి. ఏదో ఒక రేణువు తాకీ తాకకుండా ఊగుతున్నట్టుంది. డబ్బాని వేలితో తడితే మెట్టు కాసేపు మాయమై, కొత్త ఎత్తుతో తిరిగొస్తుంది.

ఇలాంటి మెట్ల మీదే నా పిచ్చంతా. పలుచటి లోహపు ఫిల్మ్‌ని ద్రవ హీలియం చలికి తీసుకెళ్తే, ఒక్క పరమాణువు పక్కకి జరిగినా ఎలక్ట్రాన్ తరంగాల ఇంటర్‌ఫియరెన్స్ మారి మొత్తం ఫిల్మ్ కండక్టెన్స్ ఊగుతుంది. ఎంత పెద్ద ఊపంటే, ఫేజ్ చెడకుండా ఉన్నంత మేర తీసుకుంటే e²/h (ఎలక్ట్రాన్ ఛార్జ్ వర్గాన్ని ప్లాంక్ స్థిరాంకంతో భాగిస్తే వచ్చేది) స్థాయిలో, అంటే 1/(25.8 కిలో ఓమ్‌లు). 1989లో బిర్జ్, గోల్డింగ్, హేమర్లె అనే పరిశోధకులు బిస్మత్ ఫిల్ముల్లో అయస్కాంత క్షేత్రం పెడితే ఈ నాయిస్ సగానికి తగ్గడం చూపించారు. పక్కనే నియోడిమియం అయస్కాంతం ఉంది కదా అని నేనూ పెట్టి చూశాను. 310 కాస్తా 305. గది వేడిలో ఎలక్ట్రాన్ ఫేజ్ నానోమీటర్లలోనే చెడిపోతుంది, నా మెట్లలో క్వాంటమ్ ఏమీ లేదు, ఉత్త రేణువుల రాపిడి. తెలిసీ పెట్టాను, ఏం చేస్తాం. ఇలాంటి ఫిల్ముల మీద 1979 నాటి స్కేలింగ్ సిద్ధాంతం రాసిన నలుగురిలో ఒకరైన భౌతిక శాస్త్రవేత్త టి.వి. రామకృష్ణన్ తర్వాత ఏళ్లపాటు పనిచేసింది ఈ ఊళ్లోని ఐఐఎస్‌సీలోనే. ఆ గేటు ముందు నుంచి బస్సులో పోయినప్పుడల్లా ఒకసారి తల తిప్పి చూస్తాను.

కాగితానికి ఇక సెలవు. గాజు స్లైడ్ మీద టేపుతో ఊడదీసిన గ్రాఫైట్ పొర వేస్తాను, చెమ్మ బాధ ఉండదు. డీసీ బయాస్ కూడా మానేసి, స్కోఫీల్డ్ 1987లో చెప్పిన ఐదు ప్రోబుల ఏసీ బ్రిడ్జ్ కట్టాలి. 1 కిలోహెర్ట్జ్ క్యారియర్ (డీసీ బదులు గీతలోకి పంపే ఏసీ సిగ్నల్) సౌండ్ కార్డ్ నుంచే ఇవ్వొచ్చు, ఆంప్ సొంత 1/ఎఫ్ అడ్డు రాదు. ఐదో ప్రోబ్ సరిగ్గా మధ్యలో పడాలి, చిక్కంతా అక్కడే. పుల్లకి సూది గుచ్చి అతికిద్దామనుకుంటున్నాను.

అమ్మ బుధవారం ఊరెళ్తోంది, డబ్బా కూడా వెళ్తోంది. శనివారం మధ్యాహ్నం ఎస్పీ రోడ్డుకెళ్లి అల్యూమినియం డైకాస్ట్ బాక్స్ ఒకటి చూడాలి, మూతకి రబ్బరు గాస్కెట్ ఉన్నది.