గ్యాస్ సార్, అంతే

ఈసారి సెలవుకి హైదరాబాద్ వచ్చినప్పుడు పద్మారావునగర్‌లో అక్కావాళ్ళింట్లో దిగాను. మేనకోడలు ఎంబీబీఎస్ ఫైనలియర్. ఇంగ్లండ్‌లో నేనేం వెలగబెడుతున్నానో చూపిద్దామని రాత్రి భోజనాలయ్యాక ల్యాప్‌టాప్ తెరిచాను.

వార్డు డ్యూటీ లేని రోజుల్లో అక్కడి స్టూడెంట్ల కోసం వర్చువల్ పేషెంట్లను తయారుచేస్తుంటాను. తెరమీద ఓ రోగి ఉంటాడు. మనం అడిగితే చెప్తాడు, టెస్టులు రాస్తే రిపోర్టులొస్తాయి, తప్పు మందిస్తే పరిస్థితి విషమిస్తుంది. మళ్ళీ మొదట్నుంచి మొదలెట్టొచ్చు, ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు. ఇదివరకు జవాబులన్నీ ముందే రాసిపెట్టేవాళ్ళం. ఇప్పుడు చాట్‌బాట్ రోగుల మీద కూడా పరిశోధన జరుగుతోంది, వాళ్ళు ఏది అడిగినా అప్పటికప్పుడు మాట్లాడతారు.

తెలుగులో మాట్లాడమని పెట్టి, గుండెపోటు కేసు ఇచ్చాను. పిల్ల అడిగింది, "ఏమైంది పెద్దాయనా?"

"నాకు ఛాతీ మధ్యభాగంలో తీవ్రమైన నొప్పిగా ఉంది. అది ఎడమ చేతికి వ్యాపిస్తోంది."

తను పగలబడి నవ్వింది. "మామా, ఈయన మా క్లాస్ టాపర్ లెక్క ఉన్నడు! మా క్యాజువాల్టీల ఎవరు చెప్తరు ఇట్ల? 'గ్యాస్ సార్, అంతే' అంటరు. రాత్రి మిర్చీలు తిన్న, ఈనో తాగిన, తగ్గలే అంటరు. చెయ్యి గుంజుతున్న సంగతి ఆయన చెప్పనే చెప్పడు, ఎన్క నిలబడ్డ భార్య చెప్తది."

నాకు నా మొదటి ఏడాది గుర్తొచ్చింది. బయటి దేశాల డాక్టర్లు ఇంగ్లండ్‌లో పనిచేయడానికి రాసే ప్లాబ్‌లో రెండో పరీక్ష మాంచెస్టర్‌లో రాసినవాళ్ళకి తెలుసు, అక్కడ రోగులుగా నటులు కూర్చుంటారు, ఒక్కొక్కరి దగ్గర 8 నిమిషాలు. 1963లో లాస్ ఏంజిలెస్‌లో హోవర్డ్ బారోస్ అనే న్యూరాలజిస్ట్ మామూలు మనుషులకి రోగంతో ఉన్నట్టు నటించడం నేర్పి మొదలుపెట్టిన పద్ధతి అది. పరీక్ష పాసయ్యాను. డ్యూటీలో చేరిన కొత్తలో ఓ ముసలాయన్ని ఎలా ఉందని అడిగితే "నాట్ టూ బ్యాడ్, డాక్టర్" అన్నాడు. బాగానే ఉన్నాడనుకుని పక్క మంచానికి వెళ్ళిపోయాను. పల్స్ చూసి నన్ను వెనక్కి పిలిచింది నర్సమ్మ. ఆ ఊళ్ళో ఆ మాట మన 'గ్యాస్' లాంటిదని అర్థమవడానికి నాకు ఆరునెలలు పట్టింది.

2019లో 51 ప్రయోగాలను కలిపి చూసిన ఓ సమీక్ష వచ్చింది. చదువు విషయంలో వర్చువల్ పేషెంట్లు మామూలు పాఠాలకి ఇంచుమించు సమానం, నైపుణ్యాల్లో మాత్రం మెరుగు అని తేల్చింది. నాకూ అది నిజమే అనిపిస్తుంది, ఆలోచించే తీరు నిజంగానే పదునెక్కుతుంది. కానీ రోగే పాఠ్యపుస్తకంలా మాట్లాడితే వినడం ఎవరు నేర్పుతారు?

ఇద్దరం కూర్చుని కేసు తిరగరాశాం. తను చెప్తుంటే నేను టైప్ చేశాను. 'తీవ్రమైన నొప్పి' తీసేసి 'ఇక్కడ పట్టేసినట్టుంది' అని పెట్టాం. చెమటల గురించి అడిగితే "ఎండలు సార్" అనాలి. 'ఎప్పట్నుంచి' అంటే మొదట "ఇప్పుడే" అని, రెండోసారి అడిగితేనే "నిన్న పొద్దుగాల" అనాలి.

ఒంటిగంటకి అక్క వచ్చి లైటార్పేసింది. భార్యని ఎక్కడ నిలబెట్టాలో మాత్రం తేలలేదు. మా ప్రోగ్రాంలో మాట్లాడేది రోగి ఒక్కడే.