సీసాల మీద పేర్లు చెరిగిపోయాయి

మహబూబ్‌నగర్ బస్టాండులో దేవరకొండ బస్సెక్కి ఆధార్ కార్డు చూపిస్తే, కండక్టరమ్మ జీరో టికెట్ కొట్టింది గానీ కళ్లు మాత్రం నా బ్యాగు మీదే ఉన్నాయి. లోపల ఖాళీ ప్లాస్టిక్ సీసాలు ఒకదానికొకటి తగిలి లొటలొట చప్పుడు. "అమ్ముడానికా?" అని అడిగింది. నీళ్లు నింపుకురావడానికని చెప్పాను. "గా నల్లగొండ నీల్లా?" అని నవ్వి ముందుకెళ్లింది. నల్లగొండ నీళ్ల పేరు అంత గొప్పది మరి.

నాది పాలమూరు. హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీలో కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. పని భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ మీద. ఇళ్లకు కృష్ణా నీళ్లు వచ్చాక కూడా జనం ఏ అవసరానికి ఏ బోరు నీళ్లు వాడుతున్నారు, ఆ బోర్లలో ఇప్పుడు ఫ్లోరైడ్ ఎంతుంది అన్నది నా ప్రశ్న. సెలవులకు ఇంటికొచ్చి, అటు నుంచి అటే నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో శాంపిళ్లు తీసుకుని, నల్లగొండలో సీనియర్ అక్క దగ్గర ఒక రాత్రి ఉండి, మర్నాడు హైదరాబాద్ చేరుకోవాలని ప్లాన్. రెండు రోజుల పని అనుకున్నాను. మూడు రోజులు పట్టింది. తప్పు నాదే.

జడ్చర్ల, కల్వకుర్తి దాటి దేవరకొండ చేరేసరికి ఎండ ముదిరింది. కొండమల్లేపల్లిలో బస్సు మారి, హైదరాబాద్ వైపు వెళ్లే రోడ్డు పట్టుకున్నాను. ఈ రోడ్డు మీద వెళ్లేవాళ్లు చూడాల్సింది కుడిఎడమల గుట్టల్ని కాదు, పైపుల్ని. అక్కంపల్లి రిజర్వాయరు నుంచి కృష్ణా నీళ్లు కోదండాపూర్‌లో శుద్ధి అయ్యి, నసర్లపల్లి, గోడకొండ్ల, గున్‌గల్ మీదుగా పంపుల మీద పంపులెక్కి హైదరాబాద్ పోతాయి. మా తాత సాగర్ డ్యామ్‌కు రాళ్లు మోసిన పాలమూరు కూలీ. 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ డ్యామ్ వెనక నిలిచిన నీళ్లే ఈ పైపుల్లో ఉన్నవి. ఫ్లోరైడ్‌తో కాళ్లు వంకర్లు పోయిన ఊళ్ల పక్క నుంచే ఆ నీళ్లు ఏళ్ల తరబడి రాజధానికి పోయాయి. ఈ ఊళ్లకు మాత్రం కుళాయి రావడానికి మిషన్ భగీరథ దాకా ఆగాల్సి వచ్చింది. కోపం పరిశోధనకు పనికిరాదని మా గైడ్ సార్ అంటారు. సార్ ఈ రోడ్డు మీద బస్సులో వచ్చి ఉండరు.

చింతపల్లి దగ్గర దిగి ఆటో మాట్లాడుకున్నాను. ఇక్కడి నేల రహస్యమంతా రాయిలో ఉంది. గ్రానైట్, నీస్ శిలలు. వాటిలోని ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నెమ్మదిగా నీళ్లలోకి దిగుతుంది. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే దాన్ని పట్టుకుని అడుగుకు దించేస్తుంది. ఇక్కడి నీళ్లలో కాల్షియం తక్కువ, సోడియం, బైకార్బొనేట్ ఎక్కువ. వానలు అంతంతే. బోరు లోతుకు పోయినకొద్దీ నీరు రాయితో ఎక్కువ కాలం కాపురం చేసినట్టు లెక్క. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారే లేకపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని మన ప్రమాణం. ఈ ఊళ్లు దానికి ఎన్నో రెట్లు తాగి బతికాయి.

శాంపిల్ తీయడం చూసేవాళ్లకు పిల్లల ఆటలా ఉంటుంది. బోరు కొట్టి, పైపులో నిలిచిన పాత నీళ్లు పోయేదాకా ఐదారు నిమిషాలు వదిలేయాలి. అవే నీళ్లతో సీసాను మూడుసార్లు కడగాలి. గాజు సీసా వాడకూడదు, ఫ్లోరైడ్‌కు గాజుతో పడదు. అప్పుడు నింపి, మూత బిగించి, లేబుల్ అంటించి, నోట్‌బుక్‌లో రాసుకోవాలి. ఈ వరసలో "మూత బిగించి" అన్నచోట నేను ఎంత అజాగ్రత్తగా ఉన్నానో రాత్రికి గానీ తెలియలేదు.

ఒక ఊళ్లో బడి దగ్గర బోరు, దానికి కాస్త దూరంలో చింతచెట్టు కింద ఇంకో బోరు. రెండిటి దగ్గరా నింపుకున్నాను. చింతచెట్టు ఎదురింటి అవ్వ గడపలో కూచుని అంతా చూస్తోంది. నిలబడితే నడుం నిటారుగా రాదు, మెడ పక్కకు తిరగదు. పిలిచి చెంబుతో నీళ్లిచ్చింది. తీసుకుని ఒక్క క్షణం ఆగాను. అవ్వ కనిపెట్టేసింది. "భగీరథ నీల్లే బిడ్డా, తాగు. గా బోరుది బర్లకు, బోల్లకే" అంది. సిగ్గేసి గడగడా తాగేశాను. పని ఉందని ఎక్కువసేపు కూచోలేదు. అదీ తప్పే.

సాయంత్రం నాంపల్లి మీదుగా నల్లగొండ. ఇది హైదరాబాద్ నాంపల్లి కాదు, ఈ జిల్లాలోనే ఇంకో నాంపల్లి ఉంది. మా ఫ్రెండ్స్‌కి లొకేషన్ పెడితే "అప్పుడే వచ్చేశావా?" అని ఒకటే మెసేజ్‌లు.

నల్లగొండలో బస్సు దిగితే గుట్టలే ముందు పలకరిస్తాయి. ఒకవైపు లతీఫ్ సాహెబ్ గుట్ట, ఇంకోవైపు కాపురాల గుట్ట. క్లాక్ టవర్ దగ్గర అక్క స్కూటీ వేసుకుని ఎదురుచూస్తోంది. మిర్చి బజ్జీలు కట్టించుకుని రూముకెళ్లాం. అక్క మహాత్మా గాంధీ యూనివర్సిటీలో రీసెర్చ్ స్కాలర్. ఈ యూనివర్సిటీ వచ్చింది 2007లో. మా పాలమూరు యూనివర్సిటీ ఆ మరుసటేడు, 2008లో. అంతకుముందు మా రెండు జిల్లాల పిల్లలకు పీహెచ్‌డీ అంటే ఉస్మానియానే. అక్క వాళ్ల నాన్న ఎన్జీ కాలేజీలో డిగ్రీ చదివి, పై చదువుకు హైదరాబాద్‌లో రూము అద్దె కట్టలేక ఆగిపోయారట. "ఇప్పుడు నేను పొద్దున ఇంట్లో తిని క్యాంపస్‌కి పోతున్నా. యూనివర్సిటీ దగ్గరికి రావడమంటే నాకు తెలిసింది అదే" అంది అక్క.

ఆ రాత్రి మాటలన్నీ పీహెచ్‌డీ కష్టాలే. జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వచ్చినవాళ్లకు నెలకు 37 వేలు, రానివాళ్లకు ట్యూషన్లు, ఏదో కాలేజీలో గంటల లెక్కన పాఠాలు. థీసిస్ ఇచ్చేముందు పేపర్లు అచ్చు కావడం తప్పనిసరి కాదని యూజీసీ 2022లో నిబంధన మార్చింది. కానీ ఇంటర్వ్యూకు పోతే మొదట అడిగేది వాటినే. ఇంట్లోవాళ్లకు చెప్పడం ఇంకో టెన్షన్. "ఇంకా చదువుతున్నవా?" అన్న ప్రశ్నకు ఇద్దరి దగ్గరా జవాబు లేదు. బజ్జీలు అయిపోయాయి.

అప్పుడు బ్యాగు తెరిచాను. అడుగున తడి. ఒక సీసా మూత సరిగ్గా బిగియలేదు, సగం నీళ్లు కారిపోయాయి. కాగితం లేబుళ్ల మీద జెల్ పెన్‌తో రాసిన రాత నీలి మరకలై అల్లుకుపోయింది. మిగతావాటిని ఎలాగో పోల్చుకున్నాను. రెండు మాత్రం తేలలేదు, బడి దగ్గరిదేదో, చింతచెట్టు దగ్గరిదేదో. కారింది కూడా ఆ రెండిట్లోదే. ఏదో ఒకటి రాసేద్దామన్న ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. అక్క సీసా ఎత్తి లైటుకు పట్టి చూసింది, ఫ్లోరైడ్ కంటికి కనపడుతుందన్నట్టు. "పెన్సిల్‌తో రాయాలె పిచ్చిదానా, పెన్సిల్ తడికి పోదు" అంది. ఎమ్మెస్సీలో చెప్పని పాఠం అది.

పొద్దున అక్కతో క్యాంపస్‌కి వెళ్లాను. ఊరికి దూరంగా, హైదరాబాద్ దారిలో అన్నెపర్తి దగ్గర. విశాలమైన జాగా, మధ్యలో రాతి దిబ్బలు, ఎండ. నాకు కావలసింది చదువుకోవడమే కాబట్టి ఒక మూల కూర్చుని శోధ్‌గంగ తెరిచాను. దేశంలోని థీసిస్‌లు ఎవరైనా ఉచితంగా చదువుకునే చోటు అది. నల్లగొండ, ఫ్లోరైడ్ అని కొడితే వరసగా వస్తూనే ఉన్నాయి. ఈ జిల్లా మీద పరిశోధన పాతదే. 1973లో ఇద్దరు జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్‌తో ఎముకలు, పళ్లు దెబ్బతినే జబ్బు) ఉన్న ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగిపోవడం గురించి లాన్సెట్ పత్రికలో రాశారు. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి రూపొందించిన ఫ్లోరైడ్ తొలగించే పద్ధతికి ప్రపంచమంతా 'నల్గొండ టెక్నిక్' అనే పేరు. ఆఫ్రికాలో కూడా వాడి చూశారు. బోరులోని విషంతో ఒక ఊరి పేరు సైన్స్ పుస్తకాలకెక్కడం గర్వించాల్సిన విషయమో కాదో నాకిప్పటికీ తేలలేదు.

థీసిస్‌లలో కృతజ్ఞతల పేజీ చదవడం నాకు అలవాటు. గైడ్, తల్లిదండ్రులు, భార్య, దేవుడు అందరూ ఉంటారు. నేను తెరిచినవాటిలో నీళ్లిచ్చిన ఊరి జనం కనపడలేదు. నేను మొదలుపెట్టి ఉంచిన నా పేజీలోనూ లేరు.

పేర్లు తేలని ఆ రెండు శాంపిళ్లూ మళ్లీ తీయక తప్పదు. ఆ ఊరికి వెళ్లే మధ్యాహ్నం బస్సుకు ఇంకా టైము ఉందని అక్క పానగల్లు తీసుకెళ్లింది. కందూరు చోళుల నాటి ఛాయా సోమేశ్వరాలయం. గర్భగుడిలో లింగం వెనక స్తంభం నీడ పగలంతా కదలకుండా ఉంటుంది. వచ్చినవాళ్లంతా ఆ నీడ ఏ స్తంభానిదో తేల్చేద్దామని అటూ ఇటూ నడుస్తారు. మేమూ నడిచాం. తేలలేదు. లేబుల్ లేని నీడ అని అక్క ఎగతాళి చేసింది.

రెండోసారి ఆ ఊళ్లో దిగేసరికి మూడు దాటింది. అవ్వ అదే గడపలో ఉంది. నన్ను చూసి కళ్లు చికిలించి, "మల్ల వచ్చినవా?" అంది. సీసాలు కలిసిపోయాయని చెప్పబోయాను. ఆమె వినిపించుకోలేదు. లోపలికి కేకేసి, "ఒరేయ్, నిన్నటి నీల్ల పిల్ల మల్ల వచ్చిందిరా! సీసలు నింపుకపోయినోల్లు ఒక్కరన్న మల్ల వచ్చిన్రా ఇన్నేండ్లల్ల?" అంది. ఆ మెచ్చుకోలుకు నేను తగను. మూత సరిగ్గా బిగించి ఉంటే ఈపాటికి హైదరాబాద్ బస్సులో నిద్రపోతూ ఉండేదాన్ని.

ఈసారి కూచున్నాను. అవ్వ చెప్పుకుంటూ పోయింది. పెళ్లయి వచ్చినప్పుడు చేదబావి ఉండేదట. బోర్లు పడ్డాకే కీళ్లు పట్టేశాయట. ఒకప్పుడు ఎవరో వచ్చి బకెట్లిచ్చారు, పటిక, సున్నం కలపమన్నారు. అదే నల్గొండ టెక్నిక్. కలిపి పది నిమిషాలు తిప్పి, గంటసేపు కదలకుండా పెడితే ఫ్లోరైడ్ తెల్లటి మడ్డితో అడుగుకు పోతుంది, పైన తేరుకున్న నీళ్లు తాగాలి. పటిక ఎంత వేయాలన్నది ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో, క్షారం ఎంతుందో బట్టి మారుతుంది. ప్రయోగశాలలో చక్కగా పనిచేస్తుంది. "కూలికి పోయేదాన్ని, పొద్దుగాల నీల్లు పోసుకుంట గంట కూసుంటనా? పటిక అయిపోయినంక మల్ల ఎవడిచ్చిండు?" అంది. నా థీసిస్‌లో ఈ పద్ధతి లోపాల గురించి నాలుగు పేజీలున్నాయి. మిగిలే అల్యూమినియం, మడ్డిని ఎక్కడ పారబోయాలి అన్న సమస్య వగైరా. అవ్వ చెప్పిన రెండు ముక్కలు మాత్రం లేవు.

1996లో నల్లగొండ ఎంపీ సీటుకు 480 మంది పోటీకి నిలబడ్డ సంగతీ చెప్పింది. నీళ్ల కోసమే అలా నిలబడ్డారు, బ్యాలెట్ కాస్తా పుస్తకమైంది. "ఓటు గుద్దుడానికి పేజీలు తిప్పినం" అని నోరు తెరిచి నవ్వింది. పళ్ల మీద గోధుమరంగు చారలు. ఇదే మండలం శివన్నగూడెంలో, ఫ్లోరోసిస్ మీద పోరాటానికే ముఖమైపోయి 2023లో చనిపోయిన అంశాల స్వామి గురించి చెప్పేటప్పుడు మాత్రం నవ్వలేదు.

ఇంటర్ చదివే ఆమె మనవడు నాతో బోరు దగ్గరికి వచ్చి తనే కొట్టాడు. ఫ్లోరైడ్ కొలిచే మీటర్ ఎలా పనిచేస్తుందని అడిగాడు. ఎలక్ట్రోడ్ కొనకు ఫ్లోరైడ్‌ను మాత్రమే గుర్తుపట్టే చిన్న స్ఫటికం ఉంటుందని, నీళ్లలో అల్యూమినియం, ఇనుము ఫ్లోరైడ్‌ను పట్టుకుని దాచేయకుండా బఫర్ అనే ఒక ద్రావణం కలుపుతామని చెప్పాను. "అంటే దాసుకున్నదాన్ని బయటికి తీస్తరన్నట్టు" అన్నాడు. బఫర్‌ను నేను ఇంతకంటే బాగా ఎవరికీ చెప్పలేదు. లేబుళ్లు వాడే రాశాడు, పెన్సిల్‌తో. బయల్దేరేటప్పుడు అవ్వ, "రిపోర్టు వస్తే చెప్పు బిడ్డా" అంది. చెప్తానన్నాను. అందరూ అలాగే అని ఉంటారు.

పన్నెండు రోజుల తర్వాత రీడింగులు వచ్చాయి. రెండూ పరిమితికి పైనే, కానీ రెండిటి మధ్య తేడా బాగా ఉంది. మనవడి నంబరుకు ఫోన్ చేస్తే అవ్వకే ఇచ్చాడు. ఎదురుగా ఉన్న కాగితం చూస్తూ, "అవ్వా, ఎమ్-14లో ఎక్కువుంది, ఎమ్-15లో కొంచెం తక్కువ" అన్నాను.

"గవన్ని నాకెందుకు బిడ్డా. చింతచెట్టు కాడిదా, బడి కాడిదా?"

నోట్‌బుక్ కోసం లేచాను.