చెయ్యి ఎంత పోయింది, పని ఎంత పోయింది

2023 మామిడి సీజన్‌లో చిత్తూరు దగ్గర ఒక పల్ప్ ఫ్యాక్టరీలో నా కుడి చెయ్యి కన్వేయర్ రోలర్‌లో ఇరుక్కుంది. భుజానికీ మోచేతికీ మధ్య ఎముక విరిగింది. ప్లేటు, స్క్రూలు వేశారు. ఎముక అతుక్కుంది గానీ దాన్ని చుట్టుకుని వెళ్లే రేడియల్ నరం దెబ్బతినడంతో మణికట్టు పైకి లేవడం లేదు.

మా యూనిట్‌కి ఈఎస్ఐ, అంటే కార్మికుల ప్రభుత్వ బీమా, లేదు. ఉంటే దారి వేరు. అందుకే అప్పుడు అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం కింద కార్మిక శాఖ కమిషనర్ దగ్గర కేసు వేశాం.

ఆ చట్టంలో ఒక పట్టిక ఉండేది. భుజం కీలు దగ్గర చెయ్యి తెగిపోతే సంపాదన శక్తిలో 90 శాతం నష్టం, హస్తం పోతే 60. మరి చెయ్యి ఉండీ పనిచెయ్యకపోతే? అప్పుడు డాక్టరు ఆ పట్టికను దృష్టిలో పెట్టుకుని అంచనా వేయాలి. మొత్తం కేసు ఆ అంచనా మీదే నడుస్తుంది.

యాజమాన్యం ముందు తమ డాక్టర్ దగ్గరికి పంపింది. వెళ్లనంటే పరిహారం ఆపే వీలుంది కాబట్టి వెళ్లాను. ఆయన చొక్కా కూడా విప్పించలేదు. ఎక్స్‌రే వెలుతురులో పెట్టి చూసి, ‘ఎముక బాగా అతికింది’ అని 15 శాతం రాశాడు. విరిగింది ఎముక, పనిచెయ్యనిది నరం. ఎక్స్‌రేలో నరం కనిపిస్తుందా?

తిరుపతి ప్రభుత్వ ఆసుపత్రిలో ఎముకల డాక్టర్ గారు మాత్రం ఓపిగ్గా చూశారు. భుజం, మోచెయ్యి, మణికట్టు ఎంతెంత కదులుతున్నాయో కోణమానిని లాంటి పరికరంతో కొలిచి, ఎడమ చేతితో పోల్చారు. కండరాల బలానికి సున్నా నుంచి 5 దాకా మార్కులు వేశారు. మణికట్టు లేపే కండరాలకు 1 వచ్చింది. నరాల పరీక్ష కూడా రాశారు. పిడికిలి బిగించమంటే పట్టు జారిపోయింది. మణికట్టు నిలబడకపోతే వేళ్లకి బలం రాదని ఆయన చెప్పాకే అర్థమైంది.

చివర్లో అడిగారు: “ఫ్యాక్టరీలో ఏం పని చేసేవాడివయ్యా?”

“మామిడికాయల క్రేట్లు ఎత్తి బెల్టు మీద పోసేవాణ్ణి సార్.”

అది కాగితంలో రాసుకున్నారు. నాకు అప్పటికే ఉన్న వికలాంగుల సర్టిఫికెట్‌లో 30 శాతమే ఉంది. అది చెయ్యి ఎంత దెబ్బతిందో చెప్పేది. ఈ కేసులో కావాల్సింది ఆ చేతితో సంపాదన ఎంత తగ్గిందన్నది. హస్తం పూర్తిగా పోతే 60 కాబట్టి నాకు 45 అని కారణాలతో సహా రాశారు. పని అడగని డాక్టర్ ఇచ్చిన శాతాన్ని నేనైతే నమ్మను.

లాయర్ గారు 100 శాతం అడిగారు. మోచేతి పైన ఎడమ చెయ్యి పోయిన వడ్రంగికి పూర్తి నష్టమేనని 1975లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూపించారు. ఫ్యాక్టరీ ఇన్సూరెన్స్ కంపెనీ లాయరేమో వాచ్‌మన్ పని చేసుకోవచ్చు కదా అన్నాడు. ఆ మాటకి మా ఆవిడ కోపంతో లేవబోయింది, చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. డాక్టర్ గారు స్వయంగా వచ్చి సాక్ష్యం చెప్పడంతో 45 నిలిచింది.

లెక్క సూటిగానే ఉంది. ఆ చట్టం కింద జీతం ఎంతున్నా నెలకు 15,000 వరకే తీసుకునేవారు. చట్టం చెప్పిన లెక్క ప్రకారం అందులో 60 శాతం 9,000. నా 35 ఏళ్ల వయసుకి చట్టంలోని వయసుల పట్టికలో ఉన్న 197.06తో గుణించి, అందులో 45 శాతం తీస్తే 7,98,093 రూపాయలు. ఆసుపత్రి బిల్లులు దీనికి అదనం. అసలు మొత్తం జమ అయింది. 12 శాతం వడ్డీ ఏ తేదీ నుంచి లెక్కపెట్టాలన్న దాని మీద వాదన ఇంకా నడుస్తోంది.