మాల్మోలో కన్సోల్ పని

కన్సోల్ అంటే ఇక్కడ ఆట ఆడే యంత్రం కాదు, గేమ్‌కు కమాండ్లు టైప్ చేసే పెట్టె. వీడియో గేమ్ బయటికి వచ్చాక ఆడేవాళ్లకు అది చాలావరకు కనపడదు. కానీ ఆ గేమ్ తయారవుతున్న ఏళ్లన్నీ స్టూడియోలో అందరూ రోజూ వాడేది దాన్నే. ఒక కీ నొక్కితే తెర పైనుంచి నల్లటి పెట్టె దిగుతుంది. అందులో ఒక కమాండ్ టైప్ చేసి ఎంటర్ కొడితే పగలు రాత్రవుతుంది, శత్రువులు మాయమవుతారు, కెమెరా గోడల్లోంచి దూసుకుపోతుంది. స్వీడన్ దక్షిణాన ఉన్న మాల్మోలో ఒక గేమ్ స్టూడియోలో ఈ కమాండ్లు చూసుకోవడం నా పని.

హైదరాబాద్‌లో ఉన్న మా పిన్ని కొడుకు ఫోన్ చేసినప్పుడల్లా, "అన్నా, రోజంతా గేమ్సే ఆడతారా అక్కడ?" అని అడుగుతాడు. వాడు అమీర్‌పేట నెట్ సెంటర్లలో కౌంటర్ స్ట్రైక్ అనే షూటింగ్ గేమ్ ఆడి పెరిగినవాడు. గ్రావిటీ మామూలుగా 800 ఉంటుందని, కన్సోల్ తెరిచి దాన్ని తగ్గిస్తే మేడల మీదికి ఎగరొచ్చని వాడికి తెలుసు. నా పని వాడికి అర్థమయ్యేలా చెప్పాలంటే అక్కడే మొదలుపెడతాను. కౌంటర్ స్ట్రైక్ ఇంజిన్, అంటే ఆ గేమ్‌ను లోపల నడిపించే సాఫ్ట్‌వేర్, పుట్టింది క్వేక్ అనే గేమ్ ఇంజిన్ నుంచి. ఐడీ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ క్వేక్‌ను 1996లో విడుదల చేసింది, 1999 డిసెంబర్‌లో దాని సోర్స్ కోడ్‌ను అందరికీ ఇచ్చేసింది. కన్సోల్ పని నేర్చుకోవాలనుకునే ఎవరికైనా నేను ముందు ఆ కోడే చదవమంటాను. చిన్నది, శుభ్రంగా ఉంటుంది, దాచిందేమీ లేదు.

అందులో నాకు అన్నిటికంటే నచ్చేది ఒకటుంది. ఎంటర్ కొట్టగానే కమాండ్ నడవదు. ముందు ఒక బఫర్‌లోకి, అంటే మెమరీలో తన వంతు కోసం ఆగే చోటికి, వెళ్లి కూర్చుంటుంది. ఇంజిన్ ప్రతి ఫ్రేమ్‌లో, అంటే తెర మీద బొమ్మ మారే ప్రతిసారీ, ఒక నిర్ణీత చోట ఆ బఫర్‌ను తెరిచి, ఉన్నవాటిని వరసగా నడిపిస్తుంది. సెకనుకు 60 ఫ్రేములనుకుంటే ఆలస్యం 17 మిల్లీసెకన్లు కూడా ఉండదు, మనిషికి తెలియనే తెలియదు. ఎందుకీ జాగ్రత్త అంటే, మ్యాప్ మార్చే కమాండ్ ఫ్రేమ్ మధ్యలో నడిచిందనుకోండి, ఇంజిన్ అప్పుడే లెక్క వేస్తున్న శత్రువు మెమరీలోంచి మాయమవుతాడు, గేమ్ కుప్పకూలుతుంది. బస్సు స్టాపులో ఆగాకే ఎక్కడం దిగడం చేయాలి, అంతే. ఇప్పటి ఇంజిన్లలో బొమ్మ గీసే పని వేరే థ్రెడ్‌లో, అంటే మిగతా పనికి సమాంతరంగా, జరుగుతుంది కాబట్టి ఈ క్రమశిక్షణ ఇంకా ఎక్కువ కావాలి.

స్వీడన్‌కు వచ్చాకే ఎదురైన సమస్యలూ ఉన్నాయి. ఇక్కడ అరను 0.5 అని రాయరు, 0,5 అని రాస్తారు. ఒకసారి మా టెస్టర్లలో కొందరికి వింత బగ్ వచ్చింది. వెలుతురు కమాండ్‌కు 0.5 ఇస్తే తెర పూర్తిగా నల్లబడిపోతోంది. అమెరికా సెట్టింగులున్న మెషీన్లలో మాత్రం అంతా బాగుంది. తవ్వగా తవ్వగా తేలిందేమిటంటే, బయటినుంచి తెచ్చి కలిపిన ఒక లైబ్రరీ (రెడీమేడ్ కోడ్) మొదలవుతూనే ప్రోగ్రామ్ లొకేల్‌ను, అంటే అంకెలు ఏ దేశపు పద్ధతిలో రాయాలో చెప్పేదాన్ని, విండోస్ సెట్టింగుకు తగ్గట్టు మార్చేస్తోంది. సీ భాషలో అంకెను చదివే పాత ఫంక్షన్ ఆ లొకేల్‌నే నమ్ముతుంది. దానికి కామా కావాలి, చుక్క కనపడింది, అక్కడే ఆగి సున్నా ఇచ్చింది. సీ ప్లస్‌ప్లస్ 17తో వచ్చిన, లొకేల్‌తో సంబంధం లేని ఫంక్షన్ పెట్టి దాన్ని సరిచేశాం.

కామాను కూడా ఒప్పుకుంటే పోలేదా అని స్వీడిష్ సహోద్యోగులు అడిగారు. న్యాయమైన మాటే. కానీ మా కమాండ్లలో మూడు కోఆర్డినేట్లను విడదీసేది ఆ కామానే. ఫీకా వేళ, అంటే ఇక్కడి వాళ్లు కాఫీకి కూర్చునే సమయంలో, దీని మీద చాలాసేపు మాట్లాడుకున్నాం. ఇక్కడ ఏ నిర్ణయమైనా అందరూ సరే అన్నాకే ముందుకు కదులుతుంది. మొదట్లో నాకు ఇది కాలం వృథా అనిపించేది. ఇప్పుడు అలా అనిపించదు, ఎందుకంటే అలా ఒప్పుకున్నదాన్ని ఆ తర్వాత ఎవరూ తిరగదోడరు.

కన్సోల్ తెరిచే కీ కూడా అలాంటిదే. అమెరికన్ కీబోర్డులో 1 పక్కనున్న టిల్డ (~) కీకి విండోస్ ఇచ్చే కోడ్, స్వీడిష్ కీబోర్డులో కుడివైపున్న చుక్కల 'ఓ' అక్షరానికి వస్తుంది. చాట్‌లో మాల్మో అని ఊరి పేరు టైప్ చేయబోతే కన్సోల్ దిగేది! కీ పేరును కాకుండా, కీబోర్డు మీద అది ఉన్న చోటును తెలిపే స్కాన్ కోడ్‌ను తీసుకుంటే ఆ బాధ తప్పింది.

ఇవన్నీ సాంకేతిక విషయాలు. నేను ఎక్కువ పట్టించుకునేది మాత్రం కమాండ్ తప్పు కొట్టినప్పుడు కనపడే సందేశాన్ని. మా టీమ్‌లో పోలండ్, ఫిన్లాండ్, బ్రెజిల్, భారత్ నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు. మాలో ఎక్కువమందికి ఇంగ్లిష్ మాతృభాష కాదు. వాళ్లలో యూరోపియన్ యూనియన్ బయటి దేశాల నుంచి వచ్చిన మాకు మొదటి రెండేళ్లు వర్క్ పర్మిట్ ఒకే యజమానికి ముడిపడి ఉండేది. ఆ రోజుల్లో ఎవర్నైనా ఏమైనా అడగాలంటే లోపల ఎంత టెన్షన్‌గా ఉంటుందో నాకు బాగా తెలుసు. ఇక్కడ పెద్ద మేనేజర్‌ను కూడా పేరుపెట్టే పిలుస్తారు, ఎవరూ కసరరు. అయినా సర్, మేడమ్ అంటూ పెరిగిన గొంతు అంత సులభంగా పెగలదు. అలాంటివాళ్లకు "తెలియని కమాండ్" అన్న రెండు ముక్కలు చూపించి వదిలేయడం నాకు ఇష్టం లేదు. దగ్గరగా ఉన్న పేర్లను చూపించాలి, ఏ విలువలు పనికొస్తాయో చెప్పాలి, పక్కనే ఒక ఉదాహరణ ఉండాలి. ఇప్పుడు మా ఇంజిన్‌లో వివరణ రాయని కమాండ్ బిల్డ్‌ను, అంటే కోడ్‌ను గేమ్‌గా తయారుచేసే దశను, దాటి లోపలికి రాదు. ఆ నియమం కోసం నేను గట్టిగానే పట్టుబట్టాను.

అందరికీ తలుపులు తెరవడం ఎంత ముఖ్యమో, మూయాల్సినవి మూయడం కూడా అంతే ముఖ్యం. క్వేక్‌లో ఆటగాళ్లందరినీ కలిపే సర్వర్ తలుచుకుంటే ఆటగాడి కంప్యూటర్‌లోని బఫర్‌లోకి తన కమాండ్లను పంపగలిగేది. మంచివాళ్ల చేతిలో అది సౌకర్యం, కాకపోతే ప్రమాదం. తర్వాత వచ్చిన 'సోర్స్' అనే పేరున్న ఇంజిన్‌లో, సర్వర్ నడపగలిగే కమాండ్లకు విడిగా గుర్తు పెట్టారు. మేమూ ప్రతి కమాండ్‌కు అది డెవలపర్లకా, టెస్టర్లకా, ఆటగాళ్లకా అన్న ముద్ర వేస్తాం. విడుదల చేసే బిల్డ్‌లో మొదటి రెండు రకాలూ అసలు కంపైలే కావు, అంటే ఆ గేమ్‌లోకే చేరవు.

విడుదల దగ్గరపడుతోంది కాబట్టి ఈ నెలంతా ఆ జాబితానే చూస్తున్నాను. ఏళ్ల కిందట వెళ్లిపోయినవాళ్లు రాసినవి, ఒకే పని చేసే రెండేసి పేర్లు, ఎవరూ వాడనివి బోలెడున్నాయి. తీసేసే ముందు ప్రతిదాని గురించీ ఆయా టీముల దగ్గరికి వెళ్లి అడుగుతున్నాను. సౌండ్ వాళ్లు మూడింటిని ఉంచమన్నారు. లైటింగ్ వాళ్లతో సోమవారం కూర్చోవాలి.